గొడ్రాలనే ముందు బోరు నీళ్లు పరీక్షించండి!

పెళ్లయి మూడేళ్లు దాటి కడుపు పండకపోతే ఆ ఇంటి ఆడదాని పేరు మారిపోతుంది. కన్నవాళ్లు పెట్టిన పేరు పోయి గొడ్రాలు అనే పేరు వస్తుంది. కర్నూలు, కడప జిల్లాల మాలపల్లెల్లో, మాదిగగేరుల్లో ఈ పేరు మోస్తున్న అక్కచెల్లెళ్లు ఉన్నారు. సీమంతానికి వాళ్లను పిలవరు. పసిబిడ్డను చేతికియ్యరు. పొద్దున్నే ఎదురొస్తే మొగం తిప్పుకుంటారు. మొక్కులు మొక్కేది ఆమె, నాటుమందు మింగేది ఆమె, అప్పు తెచ్చుకొని టౌనుకు పోయి స్కానింగు తీయించుకునేది ఆమె. చివరికి మొగునికి ఇంకో పెళ్లి చేస్తామంటే తల వంచుకొని వినేదీ ఆమే. మొగోన్ని మాత్రం ఎవురూ ఏమీ అడగరు.

మేము అడుగుతున్నాం. ఆ మొగోనికి పరీక్ష చేయించినారా? ఆ ఇద్దరూ తాగుతున్న బోరు నీళ్లకు పరీక్ష చేయించినారా?

మొదటి ప్రశ్న వింటే కొందరికి కోపం వస్తుంది. రెండోది వింటే నవ్వొస్తుంది. నీళ్లకూ పిల్లలకూ ఏం సంబంధమంటారు. సంబంధం ఉందేమో చూడమని చెప్పింది మేము కాదు. మన సీమలోని విశ్వవిద్యాలయమే 2005లో అచ్చేసి చెప్పింది. ఆ సంగతి మన పల్లెకు ఇంతవరకు రాలేదు.

తిరుపతిలో తేలిన సంగతి

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పుష్పలత, శ్రీనివాస్, శ్రీనివాసులు రెడ్డి అనే ముగ్గురు పరిశోధకులు మగ ఎలుకల మీద ఒక ప్రయోగం చేసినారు. కొన్ని ఎలుకలకు మామూలు నీళ్లు పోసినారు. కొన్నిటికి లీటరుకు 4.5 మిల్లీగ్రాములు, ఇంకొన్నిటికి లీటరుకు 9 మిల్లీగ్రాముల లెక్కన ఫ్లోరైడ్ కలిపిన నీళ్లు పోసినారు. 75 రోజుల తర్వాత పరీక్షించి చూస్తే ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఎలుకల్లో వీర్యకణాల లెక్క తగ్గింది, వాటి కదలిక తగ్గింది. వృషణాల్లో మగ హార్మోను తయారు కావడానికి పనిచేసే ఎంజైములు మందగించినాయి. నెత్తురులో టెస్టోస్టిరాన్ పడిపోయింది. ఇదంతా 2005లో బయోమెటల్స్ అనే అంతర్జాతీయ పత్రికలో ఇంగ్లీషులో అచ్చయింది.

లీటరుకు 4.5 అనేది ప్రయోగశాలలో గాలికి పుట్టిన అంకె కాదు. ఉమ్మడి రాష్ట్రంలో నల్గొండ బావుల్లో అంతకు ఎన్నో రెట్లు దొరికింది. త్రాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటరాదని, వేరే దిక్కు లేని చోట 1.5 దాకా ఓర్చుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ రాసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత కూడా 1.5 దగ్గరే ఉంది. భూగర్భజలంలో ఆ గీత దాటిన చోట్లున్న జిల్లాలని కేంద్ర భూగర్భజల మండలి వేసిన పట్టీలో కర్నూలూ ఉంది, కడపా ఉంది. 2022లో జిల్లాలను చీల్చి కొత్త పేర్లు పెట్టినారు గాని రాతి కింద నీళ్లు మారలేదు. పత్తికొండ, ఆలూరు దిక్కున గాని, రాయచోటి దిక్కున గాని కింద ఉన్నది గ్రానైటు జాతి రాయి. ఫ్లోరైడ్ ఆ రాతిలోనే ఉంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. బోరు లోతుకు పోయేకొద్దీ నీళ్లు రాతిని ఎక్కువ కాలం నానబెట్టి ఆ ఉప్పును పీల్చుకొని పైకొస్తాయి.

ఈ రోగం కొత్తదేమీ కాదు. నెల్లూరు జిల్లాలో నీళ్ల వల్ల ఎముకలు గట్టిపడి నడుములు వంగిపోతున్నాయని 1937లోనే తెల్లదొరల కాలపు డాక్టర్లు వైద్య పత్రికలో రాసినారు. దాదాపు తొంభై ఏండ్లయింది. పండ్లు గారపట్టడం, మోకాళ్లు వంగడం, నడుము పట్టేయడం అందరికీ కనిపించేవి. కంటికి కనిపించనిదాన్ని తిరుపతి పరిశోధన చూపించింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం

ఎలుక ఎలుకే, మనిషి మనిషే. ఎలుకకు అయిందంతా మనిషికి అవుతుందని ఆ పరిశోధకులు అనలేదు, మేమూ అనం. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ప్రతి మొగోడూ పిల్లలకు పనికిరాడని ఎవురన్నా చెబితే అది అబద్ధం. ఆ నీళ్లు తాగిన పల్లెల్లో పిల్లలు పుడుతూనే ఉన్నారు. అయితే మనుషుల మీద చూసిన పరిశోధనలు కూడా కొన్ని ఉన్నాయి, వాటిని దాచిపెట్టడమూ అబద్ధమే.

1994లో అమెరికాలో ఫ్రెనీ అనే పరిశోధకుడు లీటరుకు 3 మిల్లీగ్రాములు, అంతకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీటి వ్యవస్థలున్న ప్రాంతాల జనన లెక్కలు తీసినాడు. ఎక్కువ ప్రాంతాల్లో ఫ్లోరైడ్ పెరిగిన కొద్దీ జననాల రేటు తగ్గినట్టు కనిపించింది. 1996లో ఢిల్లీలో సుశీల, జెఠానందాని అనే పరిశోధకులు ఎముకల ఫ్లోరోసిస్ వచ్చిన మగవాళ్ల నెత్తురు పరీక్షించి టెస్టోస్టిరాన్ తక్కువగా ఉందని రాసినారు. 2003లో మెక్సికోలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఒంట్లోకి పోతున్న మగవాళ్లలో సంతానానికి సంబంధించిన హార్మోన్లు తేడాగా ఉన్నాయని ఇంకో బృందం చూపింది. ఇవన్నీ అనుమానాన్ని గట్టిపరిచేవి, తీర్పు చెప్పేవి కావు. ఫలానా బోరు తాగిన ఫలానా మనిషికి ఫలానా కారణంతోనే పిల్లలు కలగలేదని వీటిని పట్టుకొని చెప్పలేం.

మరి తీర్పు చెప్పే పరిశోధన ఎవరు చెయ్యాలి? యాడ చెయ్యాలి? ఎలుకల మీద చూసి అనుమానం వచ్చినాక, ఆ నీళ్లు పుట్టినప్పటి నుంచి తాగుతున్న మనుషుల దగ్గరికి రావాల్నా వద్దా? ఎలుకకు 75 రోజులు పోసి ఆపేసినారు. మనకు ఆపినోడు ఎవుడు? ఎలుకకు పోసే నీళ్లలో ఎంత కలిపినారో చీటీ రాసి పెట్టినారు. మన బోరింగు మీద ఆ చీటీ కూడా లేదు.

ఒకే బోరు, రెండు మోతాదులు

ఇంకో లెక్క ఉంది. దీన్ని ఏ అధికారీ మన పల్లెలో చెప్పడు. లీటరుకు 1.5 అనే గీత గీసేటప్పుడు పెద్దమనిషి రోజుకు సుమారు రెండు లీటర్ల నీళ్లు తాగుతాడని అనుకున్నారు. అంటే రోజుకు 3 మిల్లీగ్రాములు. ఎండలు ఎక్కువున్న చోట మనుషులు తాగే నీళ్లను బట్టి గీతను తగ్గించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది.

మన దగ్గర రెండు లీటర్లు తాగేది ఎవురు? ఫ్యాను కింద కూర్చున్నోడు. మే నెలలో బేతంచెర్ల, ఎర్రగుంట్ల నాపరాళ్ల గనుల్లో బండలు ఎత్తేటోడు, వేరుశనగ చేన్లో వంగి కలుపు తీసే ఆడకూలి ఆరు లీటర్లు తాగినా దప్పిక తీరదు. 1.5 ఉన్న నీళ్లే ఆరు లీటర్లు తాగితే 9 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోయినట్టు. లెక్కకు మూడింతలు! ఆ పైన సంగటి వండేది అవే నీళ్లతో. గంజి, టీ అవే నీళ్లతో. నీళ్లు కాగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. కాగితం మీద నీళ్లు ప్రమాణం లోపలే ఉంటాయి. కూలోని ఒళ్లు మాత్రం ప్రమాణం దాటిపోతుంది.

ఫ్లోరైడుకు కులం తెలీదని కొందరంటారు. నిజమే, రాతికి కులం తెలీదు. ఎండలో పని ఎవరిది అనేదానికి కులం తెలుసు. క్యాను నీళ్లు కొనే డబ్బు ఎవరి చేతిలో ఉంది అనేదానికి తెలుసు. పైపు లైను ఊరి నడిమధ్యన మొదలై మాలపల్లెకొచ్చేసరికి ఏంటికి సన్నబడుతుంది అనేదానికి బాగా తెలుసు. ఒక్క బోరు నుంచే రెండు మోతాదులు పోతున్నాయంటే అది కులం కాక ఏంది?

నీళ్లు తేవడం చేతగాక కాదు. శ్రీశైలం నీళ్లను మన రెండు జిల్లాల మీదుగా చెన్నపట్నం దాకా తీసుకుపోవడానికి 1983లో ఒప్పందం చేసుకున్నారు, 1996లో నీళ్లు చేర్చినారు. చెన్నపట్నం వాళ్లు తాగితే మాకు కడుపుమంట లేదు, దప్పిక ఎవరిదైనా దప్పికే. మేమడిగేది ఒక్కటే. అన్ని వందల కిలోమీటర్లు పారిన కాలువకు పక్కనున్న దళితవాడ దోవ తెలియలేదా?

నీళ్ల కోసం మన పోరాటం ఈ పొద్దుది కాదు. 1927 మార్చి 20న మహద్ చెరువులో అంబేద్కర్ దోసిలి ముంచింది నీళ్ల కోసమే. 1985 జులైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువును మలినం చేస్తుంటే వద్దన్నందుకు, మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచినందుకు, ఆరుగురు మాదిగలను నరికి చంపినారు. ఆ పొద్దు మలినం కంటికి కనిపించింది. ఈ పొద్దు బోరులోని మలినం కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు. కనిపించని మలినం మీద కొట్లాడాలంటే చేతిలో పరీక్ష కాగితం ఉండాల.

కోతకూ ఆడదే, నిందకూ ఆడదే

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్ గురించి ఒక లెక్క చెప్పింది. పెండ్లయిన ఆడవాళ్లలో నూటికి 69.6 మంది పిల్లల ఆపరేషన్ మీద ఆధారపడినోళ్లు. మగవాళ్ల ఆపరేషన్ మీద ఆధారపడిన జంటలు నూటికి 0.4. కోత ఎవరికి పడిందో చూడండి. మగవాళ్ల ఆపరేషన్ చిన్నది, సులువైనది, తొందరగా మానేది. అయినా కత్తి పోయింది ఆడదాని కడుపు మీదికే.

పిల్లలు వద్దన్నప్పుడు ఆడదాన్ని కోసినారు. పిల్లలు కావాలన్నప్పుడు ఆడదాన్ని తిడుతున్నారు. రెండు చోట్లా మొగోడు పరీక్ష గది బయట బీడీ తాగుతూ కూర్చున్నాడు.

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాని వైపు కూడా కారణం ఉంటుందని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. వీర్య పరీక్షకు కోత లేదు, నొప్పి లేదు, కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. ఆడవాళ్లకు చేసే పరీక్షలు అంతకంటే ఖరీదు, అంతకంటే బాధ. తెలివున్నోడు ఎవుడైనా ముందు సులువైనది చేస్తాడు. మన దగ్గర అది చివరికి కూడా చెయ్యరు. ఏంటికంటే మొగతనం మీద మచ్చ పడుతుందంట! వీర్యకణాలు తక్కువుండడానికీ మొగతనానికీ సంబంధం లేదు. కండలున్నోనికి తక్కువుండొచ్చు, బక్కోనికి సరిగ్గా ఉండొచ్చు. అది జ్వరం మాదిరి, రక్తహీనత మాదిరి ఒంటి సంగతి. ఆడవాళ్ల వైపు కారణం ఉన్నా అంతే. సరిగ్గా చెయ్యని కాన్పుల వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు, గర్భసంచికి సోకే క్షయ ఇవన్నీ పేదరికం తెచ్చిపెట్టే జబ్బులు. జబ్బుకు నేరం అంటగట్టడం మనువు నేర్పిన చదువు. వెనకటి జన్మ పాపమని పుట్టుకను తిట్టినోడే, పాపిష్టిదని కడుపు పండని ఆడదాన్ని తిట్టినాడు. మనల్ని ఊరి బయట పెట్టిన ఆ చదువును మన ఇంట్లో ఆడదాన్ని వాకిలి బయట పెట్టడానికి వాడుకుంటామా? అన్నలారా, తమ్ముళ్లారా, నీలి జెండా పట్టిన చేత్తో పరీక్ష సీసా పట్టుకోవడానికి సిగ్గేంది?

మాల మాదిగలకు పిల్లలు ఎక్కువ అని ఊర్లో పెద్దకులాలోళ్లు ఎగతాళి చేస్తారు. ఆ ఎగతాళి వల్లనే మన వాడల్లో పిల్లలు లేక కుమిలిపోయే వాళ్లు ఎవురికీ కనబడరు. ప్రభుత్వానికీ కనబడలేదు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారని రాసినారు. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమంది పిల్లల్ని కనమన్నారు. నవంబరులో శాసనసభ ఆ పాత షరతును తీసేసింది. వద్దన్నా వాళ్లే, కనమన్నా వాళ్లే. కనమనే సర్కారు, కనేవాళ్లు తాగే నీళ్లెట్లున్నాయో చూడొద్దా?

మా ఒంటి మీద పరిశోధన మా మాటతోనే

పరిశోధన కావాలని అంటున్నాం గనుక ఇంకో మాట తెగేసి చెప్పాల. 1985లో మెదక్ జిల్లా పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్‌ఎన్ అనే గర్భనిరోధక సూదిని పేద ఆడవాళ్లకు వెయ్యబోయినారు. అది ఇంకా ప్రయోగంలో ఉన్న మందని, దానికి ఏమేం చెడుగులున్నాయో అని వాళ్లకు సరిగ్గా చెప్పలేదు. హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన వాళ్లు పోయి నిలదీసినారు. 1986లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. మన పేదరికం వాళ్లకు ప్రయోగశాల కారాదు.

కాబట్టి వస్తే చెప్పి రండి. తెలుగులో చెప్పండి. ఇష్టమున్నోళ్ల దగ్గరే నమూనా తీసుకోండి. పేరు బయట పెట్టొద్దు. తేలిన ఫలితం ముందు మాకు చెప్పండి, తర్వాత మీ పత్రికలో అచ్చేసుకోండి. ఇంకో సంగతి. ఏండ్ల తరబడి పరిశోధన పేరు చెప్పి నీళ్లివ్వడం వాయిదా వెయ్యొద్దు. పండ్లకు, ఎముకలకు చేటని తొంభై ఏండ్లుగా తెలిసిందే, నీళ్లు మార్చడానికి ఆ ఒక్క కారణం చాలు. గుజరాత్ విశ్వవిద్యాలయంలో చినోయ్ బృందం ప్రయోగాల్లో ఫ్లోరైడ్ ఆపేసి, విటమిన్ సి, కాల్షియం ఇస్తే జంతువుల్లో వీర్యం చాలావరకు కోలుకుంది. అంటే నీళ్లు మార్చడం ఆలస్యమైన పని కావచ్చు, వృథా పని మాత్రం కాదు.

ఈ భయాన్ని అమ్ముకునే వాళ్లతో కూడా జాగ్రత్త. బోరు నీళ్లు తాగితే మొగతనం పోతుందని చెప్పి క్యాన్లు అమ్మేటోడు, లేహ్యం అమ్మేటోడు, సంతాన కేంద్రం పేరుతో పొలం అమ్మించేటోడు, అందరూ మన దుఃఖం మీద బతికేవాళ్లే. పైసా లేని పరీక్షలు ముందు చేయించుకుందాం.

ఏం చెయ్యాల?

ప్రతి వాడలో సంఘం ముందుగా బడి పిల్లల పండ్లు చూడండి. పండ్ల మీద సున్నం మాదిరి తెల్లమచ్చలు, గోధుమరంగు చారలు ఎక్కువమందికి ఉంటే నీళ్లను అనుమానించండి. ఆ వాడ తాగే ప్రతి బోరు నుంచి శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో లీటరు నీళ్లు పట్టండి. గాజు సీసా వాడొద్దు, ఫ్లోరైడు గాజుతో కలిసి లెక్క తప్పుతుంది. సీసా మీద బోరు ఉన్న చోటు, తేదీ రాయండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు తీసుకుపోయి రసీదు తీసుకోండి. జల్ జీవన్ మిషన్ కింద ప్రజలు తెచ్చిన నీళ్లను కూడా పరీక్షించాలని ఉంది, ప్రతి ఊర్లో ఐదుగురు ఆడవాళ్లకు పరీక్ష కిట్టు వాడడం నేర్పాలని ఉంది. ఆ ఐదుగురిలో మన వాడ ఆడవాళ్లు ఎందరున్నారో పంచాయతీలో అడగండి.

మా డిమాండ్లు ఇవి:

దళితవాడల బోర్లన్నిటికీ విడిగా పరీక్ష చేసి, ఫ్లోరైడ్ ఎంతుందో బోరింగు పక్క గోడ మీద తెలుగులో రంగుతో రాయాల.

1.5 దాటిన ప్రతి వాడకూ నది నీళ్లు పైపుతో ఇయ్యాల. అవి వచ్చేదాకా ఫ్లోరైడ్ తీసిన నీళ్లు ఉచితంగా ఇయ్యాల, ఊర్లో ఒక ధర వాడలో ఒక ధర అని అమ్మరాదు.

పిల్లలు కలగలేదని ప్రభుత్వాసుపత్రికి వచ్చిన ప్రతి జంటలో భార్యతో పాటు మొగునికీ మొదటి రోజే పరీక్ష రాయాల. వీర్య పరీక్ష పెద్దాసుపత్రుల్లో ఉచితంగా చెయ్యాల. 2 నుంచి 7 రోజులు దూరంగా ఉండి ఇవ్వాలని, తేడా వస్తే మళ్లీ చెయ్యాలని మర్యాదగా చెప్పాల.

మన నీళ్ల మీద, మన ఒంటి మీద విశ్వవిద్యాలయాలు చేసిన పరిశోధనల సారాన్ని తెలుగులో పంచాయతీకి పంపాల. జీతాలిచ్చేది మన పన్నులతోనే.

ఇంగ మన వాడ పెద్దమనుషులకు ఒక మాట. పిల్లలు లేరనే కారణంతో రెండో పెండ్లి పంచాయితీ మీ ముందుకొస్తే రెండు కాగితాలు అడగండి. ఒకటి మొగుని పరీక్ష కాగితం, ఇంకోటి బోరు నీళ్ల కాగితం. ఆ రెండూ తేకుండా వచ్చిన పంచాయితీని నిలబడనీయొద్దు. కాగితాలు తెచ్చినా రెండో పెండ్లికి ఒప్పుకోవాలని కాదు, ఏ ఆడదాన్నీ పిల్లల లెక్కతో తూకం వెయ్యరాదు. కనీసం అబద్ధపు నింద మొయ్యకుండా ఆపినోళ్లమవుతాం.

గొడ్రాలు అనే మాట మన వాడల్లో వినబడరాదు! ఫ్లోరైడ్ లేని బిందెడు నీళ్లు మన హక్కు!

జై భీమ్!